ముప్ఫైరెండు గళ్ళ పేరు

మధ్యాహ్నం గంట కొట్టారు. స్టాఫు రూములో కూర్చుని క్యారియరు మూత తీస్తున్నాను. గుమ్మం దగ్గర రెండో సంవత్సరం బి.ఏ. చదివే పిల్ల ఒకతె వచ్చి నిలబడింది. లోపలికి రమ్మంటే రాదు, పొమ్మంటే పోదు. చేతిలో పాత ఫోను. దాని అద్దం మీద ఈ మూల నుంచి ఆ మూలకు ఒక పగులు.

"ఏమమ్మా?" అన్నాను.

"సార్, నేను రోజూ వస్తానే ఉండాను గదా సార్?"

"ఎందుకు రాలేదూ! నిన్న మొల్ల పాఠంలో సందేహం అడిగింది నువ్వే కదా?"

మొల్ల మా పక్కనున్న గోపవరం ఆడపడుచని మా బద్వేలు వారందరికీ గర్వం. ఆ పాఠం చెప్పేటప్పుడు ఎవరు విన్నారో, ఎవరు నిద్రపోయారో నాకు బాగా గుర్తుంటుంది.

"మరి ఇది నేను రాలేదంటాంది సార్. పదకొండు దినాలు."

ఫోను అందుకుని చూశాను. వరుసగా పదకొండు ఎర్రచుక్కలు. ఒక్కొక్క చుక్క కింద 'గైర్హాజరు' అని శుభ్రమైన తెలుగులో ఉంది. ఆ తెలుగుమాట పెట్టించినవాణ్ణి నేనే.

ఇదేమంత సంగతి అని పాఠకులు అనుకోవచ్చు. హాజరు నూటికి 75 ఉండాలి. లేకపోతే ఫీజు రీయింబర్స్‌మెంటు ఆగుతుంది. అది ఆగితే ఆ పిల్ల చదువూ ఆగుతుంది. వానలు సరిగా లేని ఏడాది, ఇద్దరు పిల్లల్లో ఒకరి చదువు మాన్పించవలసి వస్తే ఎవరిది మాన్పిస్తారో మా ప్రాంతంలో ఎవరినీ అడగనక్కర లేదు. పదకొండు ఎర్రచుక్కలంటే అదీ సంగతి.

అందులో నాకూ కొంత వాటా ఉంది. ఎట్లాగో చెబుతాను.

మా కళాశాలలో చదివి, ఇప్పుడు బెంగుళూరులో సాఫ్టువేరు ఉద్యోగం చేస్తున్న శిష్యుడొకడు నాకున్నాడు. ఇంటి దగ్గరినుంచే పని చేసుకోవచ్చని సెలవివ్వగా మూడు నెలలు బద్వేలులో ఉండటానికి వచ్చాడు. చదువుకున్న చోటికి ఏదైనా చేయాలని కుర్రవాడికి సరదా. "గంట గంటకూ పేర్లు పిలిచి పది నిమిషాలు పోగొట్టుకుంటున్నారు సార్. నేనొక యాప్ రాసి ఇస్తాను. పైసా అక్కర లేదు" అన్నాడు. మేమందరం సంతోషించాం. ఉచితమంటే ఎవరికి చేదు?

దాని పద్ధతి వినడానికి సులువే. కళాశాలలో గోడలకు వైఫై పెట్టెలు తగిలించారు గదా. బస్టాండులో కండక్టరు "మైదుకూరు, కడప! మైదుకూరు, కడప!" అని ఆగకుండా కేక వేసినట్లు, ఆ పెట్టె సెకనుకు దాదాపు పదిసార్లు తన పేరు తాను గాలిలో చాటుకుంటూ ఉంటుంది. ఆ పేరునే ఈ విద్య తెలిసినవారు ఎస్.ఎస్.ఐ.డి. అంటారు. మన ఫోను తెరిస్తే వరుసగా కనిపించే జాబితా ఈ కేకల జాబితాయే. విద్యార్థి ఫోను మన పెట్టెతో కలిసి ఉంటే పిల్లవాడు కళాశాలలో ఉన్నట్లు. యాప్ ఆ పేరు చూసి హాజరు వేస్తుంది. ఇంతే.

"పెట్టెకు ఏం పేరు పెడదాం సార్?" అని నన్నడిగాడు.

తెలుగు పంతుల్ని పేరడిగితే ఊరుకుంటాడా? కాలేజీ వైఫై ఒకటి, రెండు, మూడు అని పొడిపొడిగా ఎందుకురా, నిండుగా తెలుగులో పెడదామన్నాను. 'విజ్ఞాన దీపం' అన్నాను. ప్రిన్సిపాలుగారు మెచ్చుకున్నారు. ఆ రాత్రి నాకు మంచి నిద్ర పట్టింది.

మర్నాడు మొదటి గంటలో కళాశాల యావత్తూ గైర్హాజరు!

పిల్లలు నా ఎదుట బెంచీల మీద కూర్చునే ఉన్నారు. యాప్ మాత్రం ఒక్కడూ రాలేదంటుంది. ఫోను జాబితాలో చూస్తే మా పెట్టె పేరు కొందరికి 'విజ్ఞాన దీప' అనీ, ఆ పక్కన నల్లని డైమండు గుర్తులో ఒక ప్రశ్నార్థకమూ కనిపించాయి. కొందరి ఫోనుల్లో పేరే లేదు. అంకెలూ ఇంగ్లీషు అక్షరాలూ కలిపి గుచ్చిన పొడుగాటి దండ ఉంది. నా దీపానికి సున్న ఎవరో ఊడబెరికారు.

సాయంత్రం శిష్యుడు మా ఇంటికి వచ్చి, కాఫీ తాగుతూ ఆ సున్న సంగతి వివరించాడు. నాకు అర్థమైనంత మట్టుకు మీకు చెబుతాను.

వైర్‌లెస్ నెట్‌వర్కు పేరుకు లోకమంతటా ఒకే కొలత ఉంది. 32 బైట్లు మించరాదు. బైటంటే ఒక గడి అనుకోండి. పేరు రాయడానికి 32 గళ్ళ చట్రం ఇచ్చారన్నమాట. ఇంగ్లీషు అక్షరానికి ఒక గడి చాలు. ఇప్పుడు వాడుకలో ఉన్న యు.టి.ఎఫ్-8 పద్ధతిలో తెలుగుకు ఒక్కొక్క గుర్తుకు మూడేసి గళ్ళు కావాలి. గుర్తంటే మనం పలికే అక్షరం కాదు. హల్లు ఒకటి, దాని గుడి ఒకటి, పొల్లు ఒకటి, సున్న ఒకటి, ఇట్లా విడివిడిగా లెక్క. 'వి' అంటే రెండు గుర్తులు. 'జ్ఞా' అంటే జకారం, పొల్లు, ఞకారం, దీర్ఘం, వెరసి నాలుగు గుర్తులు, పన్నెండు గళ్ళు.

నాకిది చప్పున అర్థమైంది. ఛందస్సులో మాత్రా గణాలకు అక్షరాల లెక్క పనికిరాదు గదా! కంటికి రెండక్షరాలే కనిపించినా మాత్రలు నాలుగుంటాయి. ఇదీ అటువంటిదే. కాగితం తీసుకుని లెక్కకట్టాను. 'విజ్ఞాన' ఏడు గుర్తులు, 21 గళ్ళు. మధ్య ఖాళీకి ఒకటి. 'దీపం' నాలుగు గుర్తులు, 12 గళ్ళు. మొత్తం 34. చట్రమేమో 32. మా పెట్టె పేరు పొడుగైందని మాటమాత్రమైనా చెప్పకుండా చివరి రెండు గళ్ళూ కోసేసింది. చివరనున్న సున్నకు మూడు గళ్ళు కావాలి. ఒకటే లోపల మిగిలింది. మూడోవంతు సున్నను ఏ భాషలో చదువుతారు? అందుకే కొన్ని ఫోనులు ప్రశ్నార్థకం వేశాయి. ఆండ్రాయిడ్ ఫోనులైతే, పేరు సరైన యు.టి.ఎఫ్-8గా చదవడానికి వీలైనప్పుడే దానిని కొటేషను గుర్తుల మధ్య పెట్టి యాప్‌కు అందిస్తాయట. వీలుకానప్పుడు గళ్ళలో ఉన్నదాన్ని ఉన్నట్లు సంకేతాల దండగా ఇస్తాయట. మా వాడి యాప్ 'విజ్ఞాన దీపం' కోసం చూస్తోంది. దానికి వచ్చినదేమో దండ. పోలిక ఎక్కడ కుదురుతుంది?

"బెంగుళూరులో పరీక్షించినప్పుడు సరిగానే ఉండె సార్" అన్నాడు తల గోక్కుంటూ.

"అక్కడ ఏం పేరుతో పరీక్షించావు?"

"ఇంగ్లీషులో 'టెస్ట్' అని."

నాలుగక్షరాల ఇంగ్లీషు పేరుతో చూసి లోకమంతా ఇంతే అనుకోవడం మా వాడొక్కడి తప్పే కాదు. అసలు ఆ గళ్ళలో ఉన్నది ఏదో ఒక భాషలో రాసిన పేరే అయి తీరాలని నియమం లేదట. ఖాళీగా ఉండవచ్చు. నడుమ శూన్యమైన గడి ఉండవచ్చు. కనిపించని గుర్తులుండవచ్చు. కాబట్టి యాప్ రాసేవాడు దానిని ముందు 32కు మించని గళ్ళ వరుసగానే పట్టుకోవాలి. పోల్చవలసి వస్తే గళ్ళను గళ్ళతో పోల్చాలి. మనిషికి చూపించేటప్పుడే అక్షరాలుగా మార్చాలి. అప్పుడైనా నడిమికి కోయరాదు.

ఈ కొలతను పట్టించుకోక పెద్ద ప్రోగ్రాములే దెబ్బతిన్నాయి. గాలిలో పేరు వచ్చేటప్పుడు దాని పొడుగెంతో చెప్పే గడి ముందు వస్తుంది. అందులో 255 వరకూ రాయవచ్చు. అసలు హద్దు 32 అయినా, కొంటెవాడు రెండువందలని రాసి పంపితే ఆపేదెవరు? ఆండ్రాయిడ్, లినక్స్ యంత్రాల్లో వైర్‌లెస్ వ్యవహారం చూసే డబ్ల్యు.పి.ఎ. సప్లికెంట్ అనే ప్రోగ్రాములో, ఒక పరికరం మరొక పరికరంతో నేరుగా కలిసే భాగం ఈ పొడుగును సరిచూడకుండానే 32 గళ్ళ చోటులో పోసేదని 2015 ఏప్రిల్‌లో బయటపడింది. పొర్లినది పక్క జ్ఞాపకాలను చెరుపుతుంది. తెలిసినవాడి చేతిలో అది దొంగకు తలుపు. తరువాత దిద్దారనుకోండి.

ఇదంతా విని నేను నసుగుతూ అడిగాను. "మన 'జ్ఞా' వల్లనేమైనా వచ్చిందా ఇది?"

శిష్యుడు పకపకా నవ్వాడు. "ఈసారి కాదు సార్. 2018లో మాత్రం దాని పేరు ప్రపంచమంతా మోగింది."

నిజమే, నాకూ లీలగా జ్ఞాపకం వచ్చింది. 2018 ఫిబ్రవరిలో, తెలుగు అక్షరం ఒకటి పంపితే ఐఫోనులు కూలిపోతున్నాయని పత్రికల్లో వచ్చింది. మనవాళ్ళు కొందరు నవ్వుకున్నారు, కొందరు గర్వపడ్డారు. మన 'జ్ఞా' అంత బరువైనదా అని నేనూ క్లాసులో హాస్యమాడాను. అసలు సంగతి ఇది. మనం రాసే మామూలు 'జ్ఞా' వల్ల ఏ ఫోనూ కూలలేదు. ఆ ఒత్తుకూ దీర్ఘానికీ నడుమ, కంటికి కనిపించని విడదీసే గుర్తు ఒకటి చేరితే, దానిని తెరమీద ఎట్లా గీయాలో ఆపిల్ వారి గీత యంత్రానికి తెలియక, చూపించబోయిన యాప్ అక్కడికక్కడే కూలేది. బెంగాలీ అక్షరాలతోనూ అదే జరిగిందని తరువాత తేల్చారు. ఆ నెల 19వ తేదీన ఐ.ఓ.ఎస్. 11.2.6 విడుదల చేసి సరిదిద్దారు. అక్షరంలో దోషం లేదు. అక్షరాలంటే ఇరవయ్యారే అనుకునే అలవాటులో ఉంది దోషం.

మరి ఉత్తరమైతే తెరవకుండా ఉండవచ్చు. నెట్‌వర్కు పేరు అట్లా కాదు. మనం అడగకపోయినా పక్కింటివారి పెట్టె పేరు మన ఫోనులోకి వస్తుంది. దారిన పోయే కారులోని పేరూ వస్తుంది. అంటే ఎవడో ముక్కూ మొగమూ తెలియనివాడు మన గోడమీద 32 గళ్ళ రాత రాసి పోవచ్చునన్నమాట. ఆ రాతను చదివే యాప్ ఎంత జాగ్రత్తగా ఉండాలి!

జాగ్రత్త లేకపోతే ఏమవుతుందో 2021 జూన్‌లో తెలిసింది. కార్ల్ షౌ అనే పరిశోధకుడు తన నెట్‌వర్కుకు శాతం గుర్తులూ, ఒక్కొక్క దాని పక్కన ఒక్కొక్క ఇంగ్లీషు అక్షరమూ వరుసగా పేర్చి పేరు పెట్టాడు. తన ఐఫోనును దానితో కలిపాడు. అంతే! ఆ ఫోనులో వైఫై మూగపోయింది. ఆపి వెలిగించినా రాలేదు. నెట్‌వర్కు అమరికలన్నీ చెరిపి మొదటికి తెస్తేగాని దారికి రాలేదు. జూలైలో ఐ.ఓ.ఎస్. 14.7తో ఆపిల్ వారు దానిని దిద్దారు.

కారణం చెబితే మీకు మన పల్లెల పాత రోజులు గుర్తుకు వస్తాయి. చదువు రాని ఇళ్ళకు ఉత్తరం వస్తే బడిపంతులుగారి దగ్గరికి తీసుకుపోయేవారు. "ఎద్దును అమ్మివేయండి" అని ఉత్తరంలో ఉంటే పంతులుగారు చదివి వినిపిస్తారు. అంతేగాని లేచి వెళ్ళి ఎద్దు పగ్గం విప్పరు. ఆ ప్రోగ్రాము పగ్గం విప్పింది. దినచర్య రాసుకునే చోట, శాతం గుర్తూ దాని పక్క అక్షరమూ "ఇక్కడ ఫలానాది నింపు" అనే ఆజ్ఞకు సంకేతం. పేరును పేరుగా రాసుకోక, ఆ ఆజ్ఞ ఉండే చోట పెట్టారు. పేరులోని శాతం గుర్తులు ఆజ్ఞలైపోయాయి.

ఇటువంటి మాయ గుర్తులు ఒక్కొక్క చోట ఒక్కొక్కటి. వెబ్ పేజీలో పేరు చూపిస్తే కోణపు బ్రాకెట్లు ఆజ్ఞ అవుతాయి. గోడకు అంటించే వైఫై క్యూ.ఆర్. కోడులో సెమికోలను, కోలను, కామా, కొటేషను, వెనక్కి వాలిన గీత, ఇవి పేరులో వస్తే ఒక్కొక్క దాని ముందు వెనక్కి వాలిన గీత పెట్టి తీరాలి. లేకపోతే పేరు సగంలో ముగిసిందనుకుంటుంది. ఆ చోటికి తగినట్లు పేరును కట్టి లోపలికి పంపడమే యాప్ రాసేవాడి పని. కోపగించి గుర్తులన్నిటినీ పీకివేస్తే అది వేరొక పేరవుతుంది.

సరే, 'విజ్ఞాన దీపం' తీసేసి 'జ్ఞానదీపం' అని పెట్టాం. తొమ్మిది గుర్తులు, 27 గళ్ళు. సుఖంగా ఇమిడింది. నాలుగు రోజులు పచ్చచుక్కలే పచ్చచుక్కలు.

ఐదోనాడు నా క్లాసులో సగం బెంచీలు ఖాళీ. యాప్‌లో మాత్రం నిండు సభ. ఏమిటీ విచిత్రమని ఆరా తీస్తే, బస్టాండు దగ్గర టీ అంగడిలో కూర్చుని మా పిల్లలు కొందరు హాజరు వేయించుకుంటున్నారని తెలిసింది. ఒక పెద్దమనిషి తన ఫోను హాట్‌స్పాటుకు 'జ్ఞానదీపం' అని పేరు పెట్టాడు. మిగిలినవారందరూ దానితో కలిశారు. యాప్ పేరు చూసింది, హాజరు వేసింది. కోపం రావలసింది గాని, టీ అంగడిలో వెలిగిన ఆ జ్ఞానదీపానికి నాకు నవ్వే వచ్చింది.

నవ్వి ఊరుకోవలసిన సంగతి కాదు. ఒక పేరు ఇంకొకరు పెట్టుకోకూడదని గాలిలో చట్టం లేదు. ఆసుపత్రి పేరుతో, హోటలు పేరుతో ఎవడైనా పెట్టె పెట్టి, కలిసినవారిని పాస్‌వర్డ్ అడగవచ్చు. పేరు పక్కన పెట్టె నంబరు ఒకటి ఉంటుంది గాని, దానికి కూడా నకలు తీయవచ్చునట. బోర్డు చూసి ఇల్లు ఎవరిదో చెప్పలేం గదా! పేరు ఎవరో చెప్పిన మాట. అది సాక్ష్యం కాదు.

ఇక మళ్ళీ ఆ పిల్ల దగ్గరికి వస్తాను. అందరికీ పచ్చచుక్కలు వస్తుంటే ఆమెకొక్కదానికీ పదకొండు రోజులు ఎర్రచుక్కలు ఎందుకు వచ్చాయి?

ఆ సాయంత్రమే శిష్యుణ్ణి పిలిపించి ఫోను చూపించాను. కాసేపు వెతికి, "ఈమె ఫోనులో లొకేషను ఆపి పెట్టింది సార్. అది లేకుంటే ఫోను పేరు చెప్పదు" అన్నాడు.

"ఎందుకమ్మా ఆపావు?" అన్నాను.

"మా యన్న చెప్పినాడు సార్. నువ్వు యాడుండావో ఎవరడిగినా చెప్పొద్దు, ఫోను అడిగినా చెప్పొద్దు అన్యాడు."

నేనూ శిష్యుడూ ఒకరి మొగం ఒకరు చూసుకున్నాం. ఆ అన్న చెప్పిన దాంట్లో తప్పేముంది?

నెట్‌వర్కు పేరుకూ మనం ఉన్న చోటుకూ దగ్గరి సంబంధం. ఏ వీధిలో ఏ పెట్టె ఉందో పటాలు తయారుచేసినవారున్నారు. పేరూ నంబరూ తెలిస్తే మనిషి ఎక్కడున్నాడో చెప్పవచ్చు. అందుకే 2018లో వచ్చిన ఆండ్రాయిడ్ 9 నుంచి, చోటు తెలుసుకునే అనుమతి ఇచ్చి, లొకేషను వెలిగించి ఉంటేనే ఫోను ఆ పేరును యాప్‌కు చెబుతుంది. 2019లో ఐ.ఓ.ఎస్. 13తో ఆపిల్ వారూ అటువంటి కట్టుబాటే పెట్టారు. అనుమతి లేకపోతే ఆండ్రాయిడ్ పేరుకు బదులు 'అన్‌నోన్ ఎస్.ఎస్.ఐ.డి.' అని జవాబిస్తుంది. అంటే 'తెలియదు' అని అర్థం. మా వాడి యాప్ ఆ 'తెలియదు'ను కూడా ఒక పేరే అనుకుంది. ఇది 'జ్ఞానదీపం' కాదు గదా, కాబట్టి పిల్ల రాలేదని ఎర్రచుక్క పెట్టింది.

'తెలియదు' వేరు, 'లేదు' వేరు. సాక్షి తెలియదంటే ముద్దాయికి శిక్ష వేస్తారా? ఆ ఒక్క తేడా తెలియక ఆ పిల్ల పదకొండు రోజులు లేనిదైంది. బుద్ధిమంతురాలు కాబట్టి అన్న మాట విన్నది. విన్నందుకు శిక్షపడింది.

తప్పు ఎక్కడ జరిగిందో చూపిస్తానని శిష్యుడు తన కంప్యూటరు తెరిచాడు. పేరు కలవని ప్రతిసారీ, ఏ పేరు వచ్చిందో యాప్ రాసి దాచిపెడుతుందట, తప్పులు వెతకడానికి. ఆ జాబితా తెరమీద జరజరా జారింది. నాకు తెలియకుండానే చదివాను. ఇవాళ్టి రోజుల్లో జనం వైఫైకి ఇంటిపేర్లు, దుకాణం పేర్లు, పిల్లల ముద్దుపేర్లు పెట్టుకుంటున్నారు. ఒక కుర్రవాడు రాత్రి ఏ హాస్టలులో ఉన్నాడో, ఒక అమ్మాయి ఆదివారం ఎవరింటికి వెళ్ళిందో, మరొకరు ఏ ఆసుపత్రిలో రెండు రోజులున్నారో, అన్నీ ఆ తెరమీద ఉన్నాయి. ఎవరూ మాకు చెప్పలేదు. మేము ఎవరినీ అడగలేదు.

"ఆపు నాయనా" అన్నాను. "ఇవి మనం చూడవలసినవి కావు."

వాడు నల్లబడ్డాడు. "చెడ్డ ఉద్దేశంతో రాయలేదు సార్."

"నాకు తెలుసు. ఉద్దేశం నీది, జాబితా ఎవరి చేతికి చిక్కితే వారిది."

నా ఎదుటనే అంతా చెరిపివేశాడు. చూసినది నా మనసులోనుంచి చెరపడానికి మాత్రం మీట లేదు. ఆ మర్నాడు కొందరు పిల్లల మొగాలు చూడటానికి నాకే సిగ్గనిపించింది.

ఆ పిల్ల పోరుమామిళ్ళ వైపు నుంచి బస్సులో వస్తుంది. పోరుమామిళ్ళ పేరు తలచినప్పుడల్లా నాకు అక్కడి చెరువు శాసనం గుర్తుకు వస్తుంది. 1369వ సంవత్సరం నాటిది. విజయనగరపు మొదటి బుక్కరాయల కుమారుడు భాస్కరుడు తవ్వించిన చెరువు అది. రోజుకు వెయ్యిమంది కూలీలు, నూరు బండ్లు, రెండేళ్ళ పని. శాసనం రాయించినవారు చెరువుకు ఉండవలసిన అంగాలు పన్నెండు చెప్పి, ఆపైన ఆరు దోషాలు కూడా చెప్పారు. వాటిలో మూడు ఇవి: కట్టలోనుంచి నీరు కారడం, రెండు రాజ్యాల సరిహద్దులో చెరువుండటం, నీరు ఎక్కువై చోటు తక్కువ కావడం.

మూడూ మా యాప్‌లో ఉన్నాయి! 34 గళ్ళ పేరును 32 గళ్ళలో పోయబోయాం. నీరు ఎక్కువ, చోటు తక్కువ. పేరుకూ ఆజ్ఞకూ నడుమ హద్దు తెలియక ఐఫోను మూగపోయింది. అది రెండు రాజ్యాల సరిహద్దు. పిల్లల రాకపోకలు మా జాబితాలోకి కారాయి. అది కట్టకు పడిన చిల్లు. దోషాలు తెలిసి కట్టిన చెరువు ఆరువందల ఏళ్ళు దాటినా నిలిచి ఉంది. మాది పదిహేను రోజులు నిలవలేదు.

శిష్యుడు సిగ్గుపడి కూర్చోలేదు. వారం రోజులు పట్టుదలగా మళ్ళీ రాశాడు. గోడమీద అంటించుకోవడానికి నాచేత తెలుగులో ఈ మాటలు రాయించుకున్నాడు. యాప్‌లు రాసే పిల్లలు మీ ఇంట్లోనూ ఉండి ఉంటారు, వారికి పనికి వస్తాయని ఇక్కడ ఇస్తున్నాను.

పేరు పరాయివాడు రాసినది. దానిని కొలవకుండా లోపలికి రానీయకు. గళ్ళను గళ్ళుగా పోల్చు, అక్షరాలను చూపించడానికి మాత్రమే వాడు. తెలుగు పేరుతో, ఖాళీ పేరుతో, విరిగిన పేరుతో, శాతం గుర్తుల పేరుతో పరీక్షించు. పేరును ఎక్కడా ఆజ్ఞ కానీయకు. పేరు చూసి మనిషిని నమ్మకు. 'తెలియదు'ను 'లేదు' అనకు. అవసరం లేకపోతే అడగకు, అడిగినా దాచుకోకు.

యాప్‌లతో పని లేనివారికీ ఒక మాట. ఇంట్లో వైఫైకి ఇంటిపేరూ, డోరు నంబరూ పెట్టకండి. పేరు దాచిపెడితే క్షేమమని కొందరంటారు. అట్లా దాస్తే మీ ఫోనే బయటికి వెళ్ళిన చోటల్లా ఆ పేరు పెట్టి పిలుస్తూ తిరుగుతుంది. మీ పెట్టెను గూగుల్ వారు తమ పటానికి వాడుకోవద్దనుకుంటే, పేరు చివర కింది గీత పెట్టి 'నోమ్యాప్' అని ఇంగ్లీషులో చేర్చే ఏర్పాటు 2011 నుంచి ఉంది. దానికి ఆరు గళ్ళు పోతాయి. తెలుగు పేరుకు మిగిలేవి 26 గళ్ళు, అంటే ఎనిమిది గుర్తులు. 'బద్వేలు'కు ఏడు చాలు.

కొత్త యాప్ ఇప్పుడు హాజరు తాను వేయదు. ఫలానావారు వచ్చినట్లున్నారని పచ్చచుక్క పెడుతుంది. తెలియకపోతే పసుపుచుక్క పెట్టి, "సార్, మీరే చూడండి" అంటుంది. చూడవలసినవాడు పంతులే. లొకేషను వెలిగించమని ఎవరినీ నిర్బంధించదు.

ఆ పిల్ల పదకొండు రోజులూ వచ్చిందని ఆయా క్లాసుల అధ్యాపకులందరం సంతకాలు చేసి ఇచ్చాం. ప్రిన్సిపాలుగారు సరిదిద్దించారు. సరిదిద్దిన కాగితం చూపిస్తే రెండుసార్లు చదువుకుని, "ఫోను మార్చుకోవల్లేమో అనుకున్యా సార్" అంది. అద్దం పగిలిన ఆ ఫోను వాళ్ళ నాన్నదట. పదకొండు రోజులూ తన ఫోనుదే తప్పనుకుని ఎవరికీ చెప్పలేదు.

మర్నాడు క్లాసులో ఆమె పేరు దగ్గర పసుపుచుక్క వచ్చింది. తలెత్తి చూశాను. మూడో బెంచీలో, కిటికీ పక్కన కూర్చుని ఉంది. పేరు పెట్టి పిలిచాను.

"వచ్చినా సార్" అంది.